అన్నం ఆలస్యమైన బూత్: విజయవాడ కొండ డివిజన్‌లో 112 ఓట్ల ఓటమి

2021 మార్చి 10న జరిగిన విజయవాడ కార్పొరేషన్ ఎన్నికల్లో ఒక డివిజన్‌కు బూత్‌ల పనంతా నా చేతిలో ఉంది. 112 ఓట్లతో ఓడిపోయాం. డివిజన్ నంబరు, పార్టీ, అభ్యర్థి పేరు చెప్పను. వన్‌టౌన్ వైపు కొండను ఆనుకుని ఉన్నదంటే ఊరివాళ్లకు చాలు. ఫలితం వచ్చిన సాయంత్రం ఆఫీసులో కుర్చీలు మడత పెడుతూ మావాళ్లు తలా ఒక కారణం చెప్పారు. ఒకరు గాలన్నారు, ఒకరు డబ్బన్నారు, ఇంకొకరు ఫలానా కులం మోసం చేసిందన్నారు. గాలి ఉన్న మాట నిజమే. నగరంలో 64 డివిజన్లుంటే వైఎస్సార్ కాంగ్రెస్ 49 గెలిచింది, తెలుగుదేశానికి 14, సీపీఎంకు ఒకటి వచ్చాయి. అయినా ఆ 112 ఓట్లను గాలి ఖాతాలో రాయడానికి నాకు మనసొప్పలేదు.

నేను ఆర్మీలో పదిహేడేళ్లు సర్వీస్ కోర్‌లో పనిచేశాను. రేషన్, పెట్రోలు, లారీలు చూసే విభాగం. తుపాకీ పట్టింది తక్కువ, రిజిస్టర్ పట్టింది ఎక్కువ. డిపోలో ఒక బియ్యం బస్తా లెక్క తేలకపోతే గాలికి పోయిందని రాస్తే ఎవరూ ఊరుకోరు. ఏ లారీలో ఎక్కింది, ఎక్కడ దిగింది, ఎవరు సంతకం పెట్టారు, అన్నీ వెతకాలి. ఆ అలవాటుతోనే ఎన్నికయ్యాక రెండు వారాలు జాబితా పట్టుకుని అదే కొండ ఎక్కి దిగాను.

కొండ సంగతి

బయటివాళ్లకు విజయవాడ అంటే కనకదుర్గమ్మ గుడి, ప్రకాశం బ్యారేజీ, ఎండ. ఊళ్లో చాలా ఇళ్లు కొండల మీదే ఉన్నాయని చాలామందికి తెలియదు. చిట్టినగర్, విద్యాధరపురం, కొత్తపేట, మాచవరం, మొగల్రాజపురం, క్రీస్తురాజపురం, ఎటు తిరిగినా కొండ పక్కనే అగ్గిపెట్టెలు పేర్చినట్టు ఇళ్లు. మా డివిజన్లో చిట్టచివరి ఇంటికి వెళ్లాలంటే రెండు వందల పైచిలుకు మెట్లెక్కాలి. ఆ మెట్లు ఒక కొలతలో ఉండవు. ఒకటి జానెడు, ఒకటి మోకాలెత్తు. గ్యాస్ సిలిండర్ పైకి మోసే కుర్రాడికి విడిగా ఇచ్చుకోవాలి. మంచినీళ్లు మోటారు కొడితేనే పైకొస్తాయి. వానాకాలం వస్తే పైన బండ ఎప్పుడు కదులుతుందోనని భయం. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి మనుషులు చనిపోయిన సంగతి తెలిసిందే.

మా డివిజన్లో తొమ్మిది బూత్‌లు. ఐదు రోడ్డు వైపు ఇళ్లవి, నాలుగు కొండవి. తొమ్మిదీ కిందే, రెండు స్కూళ్లలో. అంటే కొండ మీద మనిషి ఓటేయాలంటే దిగాలి, వేశాక మళ్లీ ఎక్కాలి. ఓటర్ల జాబితా డోరు నంబర్ల వరసలో ఉంటుంది కానీ మెట్ల వరసలో ఉండదు. జాబితాలో పక్కపక్కన ఉన్న రెండిళ్ల మధ్య నిజానికి అరవై మెట్ల తేడా ఉండొచ్చు. ఈ ఒక్క ముక్క మాకు ముందే బుర్రకెక్కి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదేమో.

పాత కమ్యూనిస్టులకు ఇది తెలుసు. 1981లో బెజవాడ కార్పొరేషన్ అయ్యాక తొలి మేయర్ సీపీఐకి చెందిన టి. వెంకటేశ్వరరావు. ఆ కాలపు కార్యకర్త ఒకాయన ఇప్పటికీ మా కొండ మీదే ఉన్నారు, ఎనభై ఐదు దాటాయి. ‘‘మేం మీటింగ్ పైన పెట్టేవాళ్లమయ్యా. కిందివాళ్లనే పైకి రమ్మనేవాళ్లం’’ అన్నారు నాతో. అప్పుడు నవ్వుకున్నాను.

ఏడాది ఆగిన ఎన్నిక

ఈ ఎన్నికకు నామినేషన్లు వేసింది 2020 మార్చిలో. మార్చి 15న కరోనా కారణంగా రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రక్రియ ఆపేసింది. మళ్లీ 2021 ఫిబ్రవరిలో ఆగిన చోటు నుంచే మొదలుపెట్టారు. ఉపసంహరణ గడువు మార్చి 3, ప్రచారం బందు మార్చి 8 సాయంత్రం, పోలింగ్ 10. మధ్యలో ఏడాది పోయింది.

మా అభ్యర్థి మహిళ. టైలరింగ్ షాపు నడిపేవారు, మాట మంచిది, కొండ మీద సగం జాకెట్లు ఆవిడ కుట్టినవే. అయినా వ్యవహారమంతా వాళ్లాయన చూసేవారు, ఇక్కడ అదంతా మామూలే. లాక్‌డౌన్ మొదటి నెలలో ఇద్దరూ కలిసి బియ్యం, కూరగాయలు పంచారు. పైదాకా మోయించారు కూడా. మేలో డబ్బులయిపోయి ఆపేశారు. దాంట్లో తప్పేం లేదు, వాళ్లూ మామూలు మనుషులే. కానీ ఫిబ్రవరిలో ఓట్లడగడానికి వెళ్తే పైన ఒకావిడ, ‘‘ఏమ్మా, మే నెల తర్వాత మళ్లీ ఇప్పుడే కనపడ్డావ్’’ అంది. పంచినందుకు వచ్చిన పేరు కన్నా ఆగిపోయినందుకు మిగిలిన గుర్తు పెద్దది.

ఇదే సమయంలో ప్రతి యాభై ఇళ్లకూ ఒక ప్రభుత్వ వాలంటీరు ఉన్నాడు. ఒకటో తారీఖు తెల్లారకముందే పెన్షన్ పట్టుకుని మెట్లెక్కేవాడు. ఎన్నికల సంఘం వాళ్లను ప్రచారానికి దూరంగా ఉండమంది, మా దగ్గర చాలావరకు ఉన్నారు కూడా. నేను చెప్పేది పార్టీ గురించి కాదు. నెలనెలా తలుపు దగ్గరికి ఒక మనిషి రావడం అలవాటైన ఇంటికి, ఐదేళ్లకోసారి డప్పులతో వచ్చేవాళ్లు చుట్టాల్లా కనపడరు.

ఇంకో నష్టం మేం ఆలస్యంగా చూశాం. 2020 మార్చిలో ఇల్లిల్లూ తిరిగి చేసుకున్న సర్వే మా దగ్గరుంది. మనవాళ్లు, ఎదుటివాళ్లు, ఊగేవాళ్లు అని మూడు రంగుల పెన్నులతో గుర్తులు. అదే కాగితాలు 2021లో తీశాం. ఏడాదిలో అద్దెకుండేవాళ్లు మారారు, పనుల్లేక కొందరు ఊళ్లకు వెళ్లిపోయారు, కొందరు పెద్దవాళ్లు పోయారు. ఓ ఇంటి ముందు మా కుర్రాడు, ‘‘తాతగారున్నారా?’’ అనడిగితే లోపల్నుంచి ఏడుపు వినపడింది. ఆ రోజు సాయంత్రం ఆ కాగితాలు చించేసి మళ్లీ మొదలుపెట్టాల్సింది. టైం లేదని వాటితోనే నడిచాం.

పైనుంచి బాంబులు, కింద కాళ్లు

సైన్యంలో ఉన్నవాణ్ని కాబట్టి నాకు పోలికలు అటునుంచే వస్తాయి, ఓపిక పట్టండి. 1991 గల్ఫ్ యుద్ధం టీవీలో చూసినవాళ్లకు గుర్తుండేది ఆకాశంలో మెరుపులే. జనవరి 17న మొదలైన వైమానిక దాడులు ఐదు వారాలకు పైగా సాగాయి. నేల మీద సైన్యం కదిలింది ఫిబ్రవరి 24న, 28 కల్లా యుద్ధం ముగిసింది. వంద గంటలు. జనం ఆ వంద గంటల గురించి చెప్పుకుంటారు. మా విభాగంలో మాత్రం చెప్పుకునేది విలియం పగోనిస్ అనే అమెరికా జనరల్ గురించి. అంతకుముందు రెండు కోర్ల (పెద్ద దళాల) సైన్యాన్ని ఎడారిలో పశ్చిమానికి జరిపి, ముందుగానే అక్కడ ఇంధనం, నీళ్లు, తిండి, మందుగుండు పేర్చిపెట్టిన మనిషి. ఆయన పని ముందే అయిపోయింది కాబట్టే వంద గంటలు సరిపోయాయి.

దీనికి తలకిందుల ఉదాహరణ 2022 ఫిబ్రవరి చివర్లో కీవ్ ఉత్తరాన కనపడింది. అరవై కిలోమీటర్ల పైచిలుకు పొడవున రష్యా వాహనాల వరస రోడ్డు మీద నిలబడిపోయింది. ఉక్రెయిన్ సైనికులు కొట్టారు, నిజమే. దానికి తోడు డీజిల్ అందలేదు, తిండి అందలేదు, రోడ్డు దిగితే బురద. ఏప్రిల్ మొదటికల్లా ఆ వైపు నుంచి వెనక్కి వెళ్లిపోయారు.

మనకు దగ్గరిది కార్గిల్. 1999 మే 26 నుంచి వైమానిక దళం దిగినా తోలోలింగ్ శిఖరాన్ని జూన్ 13న పట్టింది కాళ్లతో ఎక్కిన రాజ్‌పుతానా రైఫిల్స్ వాళ్లే. అంతకుముందు వారాల తరబడి ప్రయత్నించి ప్రాణాలిచ్చిన వాళ్లున్నారు. నేను కార్గిల్ వెళ్లలేదు. ఆ వేసవంతా పఠాన్‌కోట్ దగ్గర లారీలకు లోడింగ్ లెక్క రాశాను. కొండ మీద ఒక మనిషి నిలబడాలంటే కింద ఎంతమంది మోయాలో అక్కడే తెలిసింది.

ఇంత తెలిసినవాణ్ని, మా డివిజన్‌కు వచ్చేసరికి ఏం చేశాను? వాట్సాప్ గ్రూపులు పెట్టించాను. మైకు ఆటో తిప్పించాను, అది కొండ కింద మలుపు దాకే వెళ్తుంది. ఫ్లెక్సీలు కట్టించాను, పైనుంచి చూస్తే వాటి వెనక వైపు కర్రలు కనపడతాయి. అభ్యర్థి ఊరేగింపు నలభై మెట్ల దాకా ఎక్కి, దండలు వేయించుకుని, ఫొటో దిగి వెనక్కొచ్చేది. పైభాగానికి మొత్తం ప్రచారంలో రెండుసార్లు వెళ్లాం. అసలు పని చేసింది ఇద్దరు డ్వాక్రా ఆడవాళ్లు. వాళ్లది కొండ మీదే ఇల్లు, సాయంత్రం వంటయ్యాక పక్కింటికి వెళ్లినట్టు వెళ్లి మాట్లాడేవాళ్లు. నీళ్ల మోటారు టైము, మెట్ల పక్కన పట్టుకునే ఇనుప గొట్టం, రిటైనింగ్ వాల్, ఆస్తి పన్ను, వాళ్ల మాటలన్నీ వీటి చుట్టే. మా కరపత్రంలో వీటిలో ఒక్కటే ఉంది, అదీ చివరి లైన్లో.

డబ్బు మాట ఎత్తకపోతే మీరు నవ్వుతారు. పంచడం నేరం, నేనా పనిలో చెయ్యి పెట్టను. రెండు వైపులా పంచారు. కొండ మీద చాలా ఇళ్లలో రెండూ తీసుకున్నారు, ఓటు మాత్రం తమ లెక్కలో తాము వేసుకున్నారు. ఓడినవాళ్లు దీన్ని కారణంగా చెప్పడం వాళ్ల మనశ్శాంతి కోసం.

మార్చి 10, మధ్యాహ్నం

ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా పోలింగ్, బ్యాలెట్ పేపర్లతో. లోపల మా ఏజెంటు జాబితాలో ఓటేసినవాళ్లను టిక్ చేసుకుంటాడు. ఫోన్ ఉండదు కాబట్టి అరగంటకోసారి నంబర్లు చీటీ మీద రాసి రిలీవర్ చేతికిస్తాడు, అంటే ఆయన లేచినప్పుడు బదులు కూర్చునే మనిషికి. రిలీవర్ దాన్ని బయట మా టేబుల్‌కు తెస్తాడు. ఆ చీటీ చూసి, ఎవరింకా రాలేదో తేల్చి, మా కుర్రాళ్లు ఆ ఇళ్లకు వెళ్లి పిలుస్తారు. నా దృష్టిలో పోలింగ్ రోజు గ్రౌండ్ వర్క్ అంటే మొత్తం ఇదే. టిక్కు, చీటీ, పిలుపు. ఈ మూడింట్లో ఏది ఆగినా మిగిలినవి గుడ్డివి.

పదకొండు దాకా బాగా నడిచింది. కూలికెళ్లేవాళ్లు, షాపులవాళ్లు పొద్దున్నే దిగి వేసి అటే పనుల్లోకి పోయారు. మిగిలింది ముసలివాళ్లు, వంటలో ఉన్న ఆడవాళ్లు, చంటిపిల్లల తల్లులు. వీళ్లు పన్నెండు దాటాక, లేదా ఎండ తగ్గాక వస్తారు.

భోజనాలు ఒక మెస్‌కు చెప్పాం. తొమ్మిది బూత్‌లకు ఏజెంట్లు, రిలీవర్లు, బయట టేబుళ్లవాళ్లు, తిరిగే కుర్రాళ్లు, అందరికీ కలిపి ఎనభై పొట్లాలు. పన్నెండున్నరకు ఆఫీసుకు వచ్చాయి. అక్కడ అప్పటికే ఆఫీసు చుట్టూ ఉండేవాళ్లు, ఏ పనీ చేయకుండా హడావుడి చేసేవాళ్లు, ముందు తిన్నారు. ఏ ఊళ్లోనైనా ఈ జాతి ఉంటుంది. మిగిలినవి ఒక కుర్రాడికి స్కూటీ మీద ఇచ్చి పంపాను. ఏ వరసలో ఇవ్వాలో చెప్పలేదు. వాడు దారిలో తగిలిన వరసలో, ఒకటో బూత్ నుంచి ఇచ్చుకుంటూ వెళ్లాడు. కొండ బూత్‌లు ఆరు నుంచి తొమ్మిది. ఎనిమిదికి వచ్చేసరికి పొట్లాలు అయిపోయాయి.

ఒంటి గంటా నలభైకి ఎనిమిదో బూత్ రిలీవర్ నా దగ్గరికి వచ్చాడు. ‘‘అన్నా, లోపలున్న బాబాయికి షుగరు. పొద్దున ఇడ్లీ రెండే తిన్నాడు. తిని ఇరవై నిమిషాల్లో వస్తానని ఇంటికెళ్లాడు.’’ ‘‘నువ్వు కూర్చోవాలి కదరా ఆయన బదులు?’’ అంటే, ‘‘నాకూ ఆకలేసిందన్నా, టీ తాగి వద్దామని వచ్చా’’ అన్నాడు. తిట్టడానికి నోరు రాలేదు. ఆ బాబాయి ఇల్లు నూట ఇరవయ్యో మెట్టు దగ్గర. షుగరున్న మనిషి ఎక్కి, తిని, దిగి రావడానికి గంటా పది నిమిషాలు పట్టింది. తొమ్మిదో బూత్‌లో ఏజెంటు లేచి పోలేదు కానీ ఆకలితో టిక్కులు పెట్టడం మానేశాడు. అడిగితే తర్వాత ఒప్పుకున్నాడు.

దాదాపు గంటన్నర సేపు ఆ రెండు బూత్‌ల నుంచి చీటీ రాలేదు. మూడు గంటలకు కుర్రాళ్లను పాత చీటీతో పైకి పంపాను. వాళ్లు చెమటలు కక్కుతూ ఎక్కి తలుపు కొడితే, ‘‘ఇందాకే వేసొచ్చాం బాబూ’’ అన్నారు చాలా ఇళ్లలో. ఇంకా వేయనివాళ్లున్న ఇళ్లు ఇంకో నలభై మెట్ల పైనున్నాయి. జాబితా డోరు నంబర్ల వరసలో ఉందని చెప్పాను కదా. మంచినీళ్లు కూడా లేవు వాళ్ల దగ్గర. రెండోసారి ఎక్కమంటే ఇద్దరు మొహం చాటేశారు. నాలుగున్నరకు నేనే ఎక్కాను. అరవయ్యో మెట్టు దగ్గర కూర్చుండిపోయాను, యాభై మూడేళ్లు. ఐదు గంటలకు వరసలో ఉన్నవాళ్లకు చివరి మనిషి నుంచి చీటీలిచ్చి గేటు మూశారు. మావాళ్లు ఆ వరసలో పదిమంది కూడా లేరు.

ఎన్నికయ్యాక తిరిగినప్పుడు తేలిన లెక్క ఇది. ఎనిమిది, తొమ్మిది బూత్‌లలో మేం మనవాళ్లని గుర్తు పెట్టి, ఊళ్లో ఉండి కూడా ఓటేయనివాళ్లు 190 మంది. వీళ్లంతా వచ్చుంటే గెలిచేవాళ్లమని నేననను. మనవాళ్లని రాసుకున్న గుర్తుల్లో మూడోవంతు ఆశతో పెట్టినవి. కానీ ఎందుకు రాలేదని అడిగితే ఎక్కువమంది చెప్పింది పార్టీ సంగతి కాదు. ‘‘ఎవరైనా వచ్చి పిలుస్తారేమో అని చూశాం.’’ ‘‘మోకాళ్లు బాబూ, ఒకసారి దిగితే ఆ రోజుకి సరి.’’ ఒక ముసలావిడ చీర కట్టుకుని, స్లిప్పు చేతిలో పట్టుకుని సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుందట. తోడు లేకుండా ఆ మెట్లు దిగడానికి ఆవిడకు భయం. ఆ ఇల్లు మా పాత చీటీలో లేదు.

ఇంత చిన్న అంకెలు లెక్కలోకి వస్తాయా అని అడిగేవాళ్లకు విజయవాడలోనే జవాబుంది. 2019లో సెంట్రల్ నియోజకవర్గంలో మల్లాది విష్ణు గెలిచింది 25 ఓట్లతో. అసెంబ్లీ సీటుకే అలా ఉంటే, డివిజన్ ఎంత?

రెండోసారి

2024 మే 13 అసెంబ్లీ పోలింగ్‌కు అదే కొండ మళ్లీ నా చేతికొచ్చింది, అభ్యర్థి వేరు. ఈసారి డోరు నంబర్ల జాబితా పక్కన పెట్టి మెట్ల జాబితా రాయించాను. డ్వాక్రా ఆడవాళ్లిద్దరూ వారం కూర్చుని రాశారు. ఏ మలుపులో ఏ ఇల్లు, ఎవరికి తోడు కావాలి, ఎవరింట్లో మంచం మీద మనిషి ఉన్నారు. ఎనభై ఐదు దాటినవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు ఈసారి వచ్చింది. దానికి ఫారం 12డీ అనే దరఖాస్తు ముందే పూర్తి చేయించాలి. కాబట్టి ఆ పని ప్రచారం కన్నా ముందు చేశాం. పాత కమ్యూనిస్టు తాతగారు అలాగే తన మంచం మీద నుంచే వేశారు, ఎవరికో మాత్రం చెప్పలేదు.

పిలిచే కుర్రాళ్లను కింద కాకుండా కొండ మధ్యలో ఒక వరండాలో కూర్చోబెట్టాం. చీటీ పైకెక్కుతుంది, వాళ్లు పక్కింటికే వెళ్తారు. భోజనం రెండు చోట్ల వండించాం. కింద ఒకటి, పైన డ్వాక్రా ఆవిడ ఇంట్లో ఒకటి. బూత్ ఏజెంట్లకు పదకొండున్నరకే క్యారియర్లు, కొండ బూత్‌లకు ముందు, ఆఫీసుకు చివర. ఆఫీసులోవాళ్లు అలిగారు. షుగరున్న బాబాయికి మజ్జిగ, రెండు పుల్కాలు విడిగా. ఒక్క చీటీ కూడా ఆగలేదు.

ఆరుతో అయిపోతుందనుకున్నాను. ఆ రోజు రాష్ట్రంలో జనం విరగబడ్డారు, కొన్ని చోట్ల అర్ధరాత్రి దాటింది. మా తొమ్మిదో బూత్‌లో రాత్రి ఎనిమిదికి ఇంకా వరస ఉంది, లోపల ఏజెంటు పొద్దున ఆరు నుంచి కూర్చుని ఉన్నాడు, రాత్రి భోజనం అనే మాట నా కాగితంలో ఎక్కడా లేదు. చుట్టుపక్కల హోటళ్లు మూసేశారు. పైకి కబురు పంపితే ఆవిడ ఇరవై నిమిషాల్లో పులిహోర కలిపి స్టీలు డబ్బాల్లో కిందికి దింపింది, తన కొడుకు చేత, టార్చి లైటు వేయించి. డబ్బాల మూతల మీద చాక్‌పీసుతో రాసుంది: 8, 9.